సంక్రాంతి బొమ్మల కొలువును ఇంటిల్లిపాదీ కలిసి కట్టాలంటే పనులు ఎలా పంచుకోవాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. ఈ సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాలని అనుకుంటున్నాము. మా అత్తగారి పుట్టిల్లు కోనసీమ. ఆవిడ చిన్నతనంలో అక్కడ భోగి నాడు కొలువు తీర్చి, ముక్కనుమ దాకా ఉంచి, పేరంటాండ్రను పిలిచి హారతి ఇచ్చేవారట. ఆవిడ ట్రంకు పెట్టెలో పాత కొండపల్లి బొమ్మలు, కొన్ని ఏటికొప్పాక లక్కబొమ్మలు భద్రంగా ఉన్నాయి గాని, వాటిలో కొన్నింటికి చేతులు, తలపాగాలు ఊడిపోయాయి. మాది రెండు పడకగదుల ఫ్లాటు. హాలులో ఒక మూల ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు మాత్రమే ఖాళీ చేయగలము. అబ్బాయి ఎనిమిదో తరగతి, అమ్మాయి రెండో తరగతి చదువుతున్నారు. మావారు ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది.

కొలువు ఎంత అందంగా వచ్చిందన్నదాని కంటే, దాన్ని కట్టే పనిలో అందరూ నిజంగా పాలుపంచుకోవడమే నాకు ముఖ్యం. ఇటువంటి పనులు అందరి ఉత్సాహంతో మొదలై, పండుగ దగ్గరపడేసరికి ఇంటి ఇల్లాలి ఒక్కదాని మీదే పడటం చాలా ఇళ్లలో చూస్తున్నాము. మెట్లు దేనితో కట్టాలి, ఎవరికి ఏ పని అప్పగించాలి, ఎన్నాళ్ల ముందు మొదలుపెట్టాలి అన్నవి అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం (విజయవాడ నుంచి)

మీరు అడిగిన మూడింటిలో పని పంపకం గురించే ముందుగా చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. పిల్లలను "వచ్చి కాస్త సాయం చేయండి" అని పిలిస్తే, వారు చెప్పింది అందించి, రెండు నిమిషాల తరువాత వెళ్లిపోతారు. అది వారి పని అన్న భావన వారికి కలగదు. అలా కాకుండా కొలువులో ఒక్కొక్కరికీ ఒక్కొక్క భాగాన్ని పూర్తిగా ఇచ్చివేయండి. ఆ భాగంలో ఏం పెట్టాలి, ఏ రంగు వేయాలి, ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయాలు కూడా వారివే కావాలి. వారు చేయకపోతే కొలువులో ఆ చోటు ఖాళీగా కనబడాలి. అప్పుడు మీరు గుర్తు చేయవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

మీ ఇంటికైతే నేను ఇలా పంచుతాను. మెట్ల మీది బొమ్మల వరుస మీ అత్తగారిది. దశావతారాలు ఏ క్రమంలో ఉండాలో, పెళ్లివారి బొమ్మలు ఏ మెట్టు మీద కూర్చోవాలో, పప్పులు, బియ్యం పోసుకుని కూర్చున్న వర్తకుడి దుకాణం ఎక్కడ తీర్చాలో ఆవిడకు తెలిసినట్లు మనకు తెలియదు. మెట్ల ముందు నేల మీద తీర్చే పల్లెటూరి దృశ్యం అబ్బాయిది. ఆ ఊరి పొలాలు అమ్మాయివి. మెట్ల కట్టుబడి, దీపాల తీగలు మీవారివి. అవి ఆదివారం నాడు చేయగలిగిన పనులు కనుక ఆఫీసు ఆలస్యం అడ్డురాదు. మీరు తేదీలు, సామాను చూసుకోండి. రోజూ రాత్రి భోజనానికి ముందు అరగంట చాలు, అందరూ ఒకేసారి కూర్చోవాలన్న పట్టుదల వద్దు.

ఒక్క నియమం మాత్రం పెద్దలు తప్పకుండా పాటించాలి. పిల్లలు నిద్రపోయిన తరువాత వారు చేసినదాన్ని సరిదిద్దకూడదు. గుడిసె కొంచెం వంకరగా ఉన్నా, నీలం రంగు ఆవు నిలబడినా, తెల్లవారి లేచేసరికి వారు పెట్టిన చోటనే అది ఉండాలి. మనం సర్దిన గుర్తు వారికి కనబడిందంటే మరుసటి ఏడు వారు ముందుకు రారు.

ఇక పొలాల సంగతి. ఏడేళ్ల పిల్లకు ఇంతకంటే తగిన పని లేదు. లోతు తక్కువ ఉన్న పళ్లెంలో కొబ్బరిపీచు పొడి గాని, జల్లించిన మట్టి గాని రెండు అంగుళాల మందాన పరిచి, రాగులు, ఆవాలు, నానబెట్టిన మెంతులు వేరువేరు మడులుగా చల్లించండి. రాగి మొలక సన్నగా నిటారుగా వచ్చి వరినారులా కనబడుతుంది, మెంతి మొలక గుబురుగా వస్తుంది. పుష్యమాసపు చలిలో మొలక కొంచెం నెమ్మదిస్తుంది కనుక భోగికి తొమ్మిది, పది రోజుల ముందు ఒక పళ్లెం, మరో రెండు రోజులు ఆగి ఇంకొక పళ్లెం వేయండి, ఏది బాగా వస్తే అది కొలువులో పెట్టవచ్చు. నీళ్లు పోయకుండా పిచికారీ చేయాలి, లేకపోతే గింజలు కుళ్లుతాయి. పళ్లెం కిటికీ దగ్గర ఉంచితే మొక్కలు వెలుతురు వైపు వంగుతాయి. రోజూ పళ్లేన్ని తిప్పి పెట్టే పని అమ్మాయికి చెప్పి, అవి ఎందుకు వంగుతున్నాయో తననే గమనించి చెప్పమనండి.

సమాధానం (విశాఖపట్నం నుంచి)

మెట్ల గురించి నేను చెబుతాను. కొలువుకు మూడు, ఐదు, ఏడు ఇలా బేసి సంఖ్యలో మెట్లు కట్టడం ఆచారం. మీకున్న లోతు 48 అంగుళాలు. ఒక్కొక్క మెట్టుకు పది అంగుళాల వెడల్పు ఇచ్చినా ఐదు మెట్లకు 50 అంగుళాలు కావాలి కనుక ఐదు మెట్లు పట్టవు. మూడు మెట్లయితే 30 అంగుళాలలో సరిపోయి, ముందు 18 అంగుళాల చోటు పల్లెటూరికి మిగులుతుంది. మీకు మూడే సరైనవి.

మెట్టుకూ మెట్టుకూ ఎత్తు తేడా ఎనిమిది అంగుళాలు ఉంచండి. దానివల్ల ఎనిమిది అంగుళాల లోపు బొమ్మ ఏదైనా కింది మెట్టు మీద నిలబడినప్పుడు పై మెట్టు బొమ్మల పాదాలను మరుగుపరచదు. అంతకంటే పొడవైనవన్నీ పై మెట్టు మీదకే వెళ్లాలి. అడుగున ట్రంకు పెట్టెలు, స్టీలు డబ్బాలు, తాడుతో బిగించి కట్టిన పుస్తకాల కట్టలు ఆధారంగా పెట్టి, పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు పరవవచ్చు. ఐదడుగుల పలకకు రెండు చివర్లలోనే ఆధారం ఉంటే నడుమ కుంగుతుంది, కాబట్టి మధ్యలో కూడా ఒక ఆధారం తప్పనిసరి. బట్ట పరచడానికి ముందు ప్రతి మెట్టునూ చేతులతో గట్టిగా నొక్కి, పక్కకు తోసి చూడండి. ఏ మాత్రం కదిలినా తాడుతో మళ్లీ బిగించండి. పట్టుచీర జారుతుంది కనుక దాని కింద రబ్బరు చాప ముక్కలు పరిచి, చీర అంచును పలక కిందికి మడిచి పిన్నులు పెడితే బొమ్మలు నిలకడగా ఉంటాయి.

ఈ లెక్కలన్నీ మీవారు, అబ్బాయి కలిసి వేయాలి. గ్రాఫు కాగితం మీద అడుగుకు నాలుగు సెంటీమీటర్ల చొప్పున గీస్తే మీ మూల అంతా 20 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల లోతులో ఒకే పేజీలో పడుతుంది. టేపుతో కొలిచేది ఒకరు, గీసేది ఒకరు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి నిష్పత్తి అంటే ఏమిటో ఇంతకంటే బాగా అర్థమయ్యే సందర్భం అరుదు. ఊరి దృశ్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఐదు అంగుళాల రైతు బొమ్మ నిలబడే ఊళ్లో గుడిసె తలుపు కనీసం ఆరు అంగుళాలు ఉండాలి. ఈ సంగతి ముందే చూసుకోకపోతే మనిషి కంటే ఇల్లు పొట్టిదవుతుంది.

అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు మెట్లే కడతాము. రెండు సందేహాలు మిగిలాయి. మా అత్తగారు మోకాళ్ల నొప్పుల వల్ల నేల మీద కూర్చోలేరు, మెట్ల దగ్గర వంగలేరు. ఆవిడ కేవలం చెబుతూ, మిగతావారు చేస్తూ ఉంటే, ఆవిడకు పని చేసిన తృప్తి ఉంటుందా? రెండవది, ఊరి చెరువు నాదంటే నాదని పిల్లలిద్దరూ అప్పుడే వాదులాడుకుంటున్నారు.

సమాధానం (రాజమండ్రి నుంచి)

అమ్మా, మీ అత్తగారికి కుర్చీ మీద కూర్చుని బల్ల దగ్గర చేసే పని ఒకటి మీ ప్రశ్నలోనే ఉంది. ఊడిపోయిన బొమ్మలను బాగుచేయడం ఆవిడకు అప్పగించండి. కొండపల్లి బొమ్మలను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. అది చాలా తేలికైన కర్ర. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పాత బొమ్మలను బాగుచేయడానికి ఇంట్లోనే ఇటువంటి మక్కు చేసుకోవచ్చు. చింతగింజలను వేయించి, పై పొట్టు తీసి, నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్లలో జిగురు వచ్చేదాకా సన్నని మంట మీద ఉడికించాలి. వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టును జల్లించి అందులో కలిపితే ముద్దగా వస్తుంది. ఊడిన భాగానికి రాసి, అతికించి, దారంతో చుట్టి ఒకటి రెండు రోజులు నీడలో కదపకుండా ఉంచాలి. ఆరిన తరువాత ఉప్పు కాగితంతో నునుపు చేసి రంగు అద్దవచ్చు. వేయించడం, ఉడికించడం పెద్దల పని. పొట్టు తీయడం, జల్లించడం, దారం చుట్టడం పిల్లలవి.

ఈ పని జరిగేటప్పుడు ఆ బొమ్మ ఎవరు కొన్నారు, ఏ తీర్థంలో కొన్నారు, ఎవరి చేతిలో విరిగింది అన్న కబుర్లు వాటంతట అవే వస్తాయి. పిల్లలను కూర్చోబెట్టి "నాయనమ్మ చెప్పే కథలు వినండి" అంటే వినరు గాని, చేతిలో విరిగిన బొమ్మ ఉన్నప్పుడు వాళ్లే అడుగుతారు. మనవరాలి చేత ఆ వివరాలను ఒక చిన్న చీటీ మీద రాయించి, ఆ బొమ్మతోపాటే భద్రపరచండి.

ఏటికొప్పాక బొమ్మల విషయంలో మాత్రం జాగ్రత్త. అవి అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకునేలా రంగు వేసినవి. ఆ మెరుపు మనం కుంచెతో తేలేము. విరిగితే కర్ర జిగురుతో అతికించి వదిలివేయండి, పైన రంగు పూయవద్దు.

చెరువు తగాదాకు నా సలహా ఏమిటంటే, చెరువును ఇద్దరికీ ఉమ్మడిగా ఇవ్వకండి. అద్దం ముక్కతో చెరువు, దాని గట్టు అబ్బాయి చేయాలి. అంచులు గుచ్చుకోకుండా టేపు అంటించాలి కనుక అది పెద్దవాడి పనే. చెరువులోని తామరలు, బాతులు, గట్టు మీది చెట్లు అమ్మాయి చేయాలి. ఎవరి హద్దు ఎక్కడో మాటల్లో కాకుండా ఆ గ్రాఫు కాగితం మీదే గీసి, గోడకు అంటించండి.

సమాధానం (డల్లాస్ నుంచి)

మా ఇంట్లో వారసత్వంగా వచ్చిన బొమ్మలు లేవు. అట్టపెట్టెలను మెట్లుగా పేర్చి, పిల్లలు కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మలతోనే కొలువు తీరుస్తాము. ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలన్న ఆచారాన్ని మేము కొనడానికి కాక చేయడానికి వాడుకుంటాము. పాత వార్తాపత్రికలను చింపి రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీరు పిండి, మైదా జిగురు కలిపితే గుజ్జు తయారవుతుంది. దానికి లోపల చుట్టిన కాగితపు ఉండ గాని, ఖాళీ సీసా గాని ఆధారంగా పెట్టి పలుచగా పూయాలి. మందంగా పూస్తే లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. బాగా ఆరడానికి దాదాపు వారం పడుతుంది కనుక డిసెంబరు సెలవులలోనే మొదలుపెట్టడం మంచిది. మీ ఇంట్లో కూడా పాత బొమ్మల పక్కన ఈ ఏటి బొమ్మ ఒకటి పిల్లలు చేసినదై ఉంటే బాగుంటుంది.

అడిగినవారి నుంచి

అత్తగారు చింతగింజలు అప్పుడే పోగుచేయడం మొదలుపెట్టారు. దీపాల గురించి, పండుగ తరువాత బొమ్మలు దాచడం గురించి కూడా చెబితే మా పథకం పూర్తవుతుంది.

సమాధానం (విజయవాడ నుంచి)

నూనె దీపం మెట్ల మీద పెట్టవద్దు. బట్ట, కాగితం, ఎండిన గడ్డి ఉన్న చోట అది ప్రమాదం. హారతి వేళ దూరంగా పీట మీద పెట్టి, పేరంటం అయ్యేదాకా ఒక పెద్దవారు దగ్గర ఉండండి. కొలువులో ఎల్‌ఈడీ దీపాల దండ ఒక్కటి చాలు. తీగలు వెనుక గోడ వైపు నుంచి రావాలి, నీళ్లు చల్లే పొలాల పళ్లెం దగ్గరికి రాకూడదు. రాత్రి నిద్రకు ముందు స్విచ్చి తీసే బాధ్యత మీవారిది.

ముక్కనుమ సాయంత్రం ఒక బొమ్మను పడుకోబెట్టి, మరునాడు కొలువు ఎత్తుతారు. ఎత్తడం కూడా అందరి పనే అని మొదటి రోజే చెప్పి ఉంచండి, ఎక్కువ ఇళ్లలో ఇల్లాలు ఒంటరిగా మిగిలేది అప్పుడే. ఎవరి భాగం వారే విప్పాలి. కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో తుడవకండి, రంగు పోతుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. లక్కబొమ్మలను ఎండలో పెట్టవద్దు. ఒక్కొక్క బొమ్మనూ ఉతికిన పాత నూలుబట్టలో చుట్టి, బరువైనవి అడుగున, తేలికైనవి పైన సర్దండి. బాగా ఎండిన వేపాకును చిన్న మూటలుగా కట్టి మధ్య మధ్య ఉంచండి. పెట్టె మూత లోపలి వైపు ఆ గ్రాఫు కాగితాన్ని అంటించి, ఏ పెట్టెలో ఏ మెట్టు బొమ్మలు ఉన్నాయో అబ్బాయి చేత రాయించండి. వానాకాలం వెళ్లాక ఒకసారి పెట్టెలు తెరిచి, చెద గాని, తేమ గాని చేరిందేమో చూడాలి.