పెద్దవాళ్ల చేత పాత సంగతులు చెప్పించడం ఎలా? "ఏ సంవత్సరం" అనగానే మాట ఆగిపోతోంది

దివిసీమ_పిల్ల:
మా నాయనమ్మకు ఎనభై దాటాయి. ఆవిడ జీవితం ఆవిడ మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేసి ఉంచాలని నా కోరిక. "మీ పెళ్లి ఏ సంవత్సరంలో అయింది, ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు" అని అడిగితే "ఏమోనే, ఎప్పుడో" అని ఊరుకుంటుంది. "చిన్నప్పుడు ఎలా ఉండేది" అంటే "ఏముంది, చాకిరీ" అని ఒక్క ముక్క. అదే మనిషి చింతకాయ పచ్చడి నూరుతున్నప్పుడు మాత్రం ఎవరూ అడక్కుండానే వాళ్ల అమ్మ గురించి, పుట్టింటి పెరడు గురించి ఆపకుండా చెప్పుకుపోతుంది, అప్పుడేమో నా చేతిలో ఫోన్ ఉండదు. ఇంకో సందేహం: 1977 ఉప్పెన రాత్రి గుడి మీదకు ఎక్కామని నాయనమ్మ అంటుంది, కాదు స్కూలు మీదకని మా మేనత్త అంటుంది. ఇద్దరూ గట్టిగానే చెప్తారు. ఏది రాసుకోవాలి?

సైకాలజీ_మాస్టారు:
మీ నాయనమ్మగారి జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదమ్మా, ప్రశ్న మార్చాలి అంతే. జ్ఞాపకానికి తేదీ చీటీ అంటించి ఉండదు, ఎవరికైనా అంతే. విల్లెమ్ వాగెనార్ అని నెదర్లాండ్స్ సైకాలజిస్టు ఒకాయన ఆరేళ్ల పాటు తన రోజువారీ సంఘటనలు రాసుకుంటూ వచ్చాడు, దాదాపు 2,400. ఏం జరిగింది, ఎవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు అని నాలుగూ విడివిడిగా రాసి, తర్వాత ఒక్కో ఆధారం చూసి మిగతాది గుర్తుకొస్తుందా అని తన మీద తానే పరీక్ష పెట్టుకున్నాడు. 1986లో ఫలితం అచ్చయింది: "ఏం జరిగింది" అన్నది అన్నిటికన్నా బాగా పనిచేసింది, "ఎప్పుడు" అన్నది ఒంటరిగా దాదాపు దేనికీ పనికిరాలేదు. మీరు సరిగ్గా ఆ పనికిరానిదానితోనే మొదలుపెడుతున్నారు. "చిన్నప్పుడు ఎలా ఉండేది" అన్నది మరీ పెద్ద ప్రశ్న, దానికి పెద్ద మాటే జవాబుగా వస్తుంది. "మీ పుట్టింట్లో పొయ్యి ఏ మూల ఉండేది, నీళ్లు ఎవరు మోసేవాళ్లు" అని అడిగి చూడండి. పచ్చడి నూరేటప్పుడు మాట వస్తోందంటే ఆ వాసన, ఆ రోలు మీ బదులు అడుగుతున్నాయన్నమాట, కాబట్టి రికార్డింగ్ వంటింట్లోనే పెట్టండి. ఇంకొకటి, నడివయసు దాటినవాళ్లకు సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య సంగతులే ఎక్కువగా గుర్తొస్తాయని చాలా పరిశోధనల్లో తేలింది. ఆవిడ పెళ్లి, కాపురానికి రావడం, కాన్పులు అన్నీ అందులోనే ఉంటాయి, అక్కడే ఎక్కువసేపు కూర్చోండి.

సర్వే_పనిలో:
తేదీలు కావాలంటే అడ్డదారి ఉందండీ, మేం ఇంటింటి సర్వేల్లో వాడేదే. పుట్టిన సంవత్సరం తెలియనివాళ్లను వయసు అడగం, ఊరికి తెలిసిన సంఘటనలతో ఒక పట్టిక పెట్టుకుని దానికి ముందా తర్వాతా అని అడుగుతాం. మీ వైపైతే 1977 నవంబరు 19 ఉప్పెన ఉండనే ఉంది. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. రామారావు మొదటిసారి ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి. "ఇల్లు కట్టింది ఉప్పెనకు ముందా? అప్పటికి చిన్నబ్బాయి పుట్టాడా? నడుస్తున్నాడా?" అంటే చాలు, రెండు మూడు ప్రశ్నల్లో ఏడాది అటూఇటూగా దొరుకుతుంది. ముందు కథ మొత్తం చెప్పనివ్వండి, ఈ లెక్క చివర్లో పెట్టుకోండి, మధ్యలో అడిగితే తెగిపోతుంది.

లంక_గాలి:
గుడా స్కూలా అన్నదానికి నా మాట. రెండూ రాయండి, ఎవరు చెప్పింది వాళ్ల పేరుతో. గట్టిగా చెప్పినంత మాత్రాన నిజమని కాదు, తప్పు చెప్పారంటే అబద్ధమాడారనీ కాదు. 1986లో అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు కొందరు కాలేజీ విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించారు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ పూర్తి నమ్మకంతో. తమ చేతిరాత చూపించినా పాత సంగతి గుర్తుకు రాలేదు. అందుకని దయచేసి ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి, అత్త చెప్పింది నాయనమ్మకు వినిపించకండి. ఒకసారి వింటే అది ఆవిడ జ్ఞాపకంలో కలిసిపోతుంది, తర్వాత విడదీయలేం. "గుడి మీదే కదా ఎక్కారు?" అనొద్దు, "తర్వాత ఎటు వెళ్లారు?" అనండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ రాత్రి సంగతి మీరుగా తవ్వకండి. మా ఇంట్లోనూ ఆ రాత్రి పోయినవాళ్లున్నారు. అది చెప్పాలా వద్దా, ఎంతవరకు చెప్పాలి అన్నది ఆవిడ ఇష్టం. ఆవిడ ఆపితే మీరూ ఆపండి, ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చోండి.

దివిసీమ_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. ఉప్పెన గురించి నేను అడగను, ఆవిడే ఎత్తితే వింటాను. ఈసారి వంటింట్లోనే మొదలుపెడతాను, పుట్టింటి పొయ్యి దగ్గర్నుంచి. మాస్టారూ, రోలు చప్పుడులో మాట సరిగ్గా రికార్డవుతుందా, లేక చిన్న మైకు ఏదైనా కొనాలా?

సైకాలజీ_మాస్టారు:
చీరకు పెట్టే చిన్న క్లిప్ మైకు కొనండి, చవగ్గానే దొరుకుతుంది. రోలు చప్పుడు కూడా పడనివ్వండి.