తిరుపతి: 10 ఎంఎల్‌డీ (రోజుకు కోటి లీటర్ల) మురుగు శుద్ధి కేంద్రాన్ని 15కు పెంచాలి, క్లారిఫయర్లు (బురద అడుగుకు చేరే ట్యాంకులు) తట్టుకుంటాయా?

తిరుపతి శివారు కాలనీల కలయికతో జనాభా పెరుగుతోంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే ప్రతి అదనపు లక్షమందికి 10.8 ఎంఎల్‌డీ. ఇది స్థిర నివాసుల లెక్క మాత్రమే. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశికి వచ్చే యాత్రికుల రద్దీ సగటులో కనబడదు, గరిష్ఠ ప్రవాహంలో పడుతుంది.

ఉన్నది యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి (ఏరేషన్ ట్యాంకులో గాలి పంపి బ్యాక్టీరియాతో శుద్ధి చేయడం), 22.5 మీటర్ల వ్యాసం గల రెండు క్లారిఫయర్లు (మొత్తం సుమారు 795 చ.మీ.). ఎంఎల్‌ఎస్‌ఎస్‌ను (ఆ ట్యాంకు నీటిలో తేలే ఘనపదార్థాల గాఢత) లీటరుకు 3,000 నుంచి 5,000 మి.గ్రా.కు పెంచి సరిపెట్టుకోవచ్చని ఒక సూచన ఉంది. రిటర్న్ స్లడ్జ్ (క్లారిఫయర్ నుంచి ఏరేషన్ ట్యాంకుకు తిరిగి పంపే బురద) వచ్చే మురుగులో 100 శాతం అయితే 15 ఎంఎల్‌డీ దగ్గర ఘనపదార్థాల భారం చ.మీ.కు రోజుకు 113 నుంచి 189 కిలోలకు ఎక్కుతుంది. అది కూడా సగటు ప్రవాహంలోనే! ఫిలమెంటస్ (దారాల్లాంటి) బ్యాక్టీరియా పెరిగి ఎస్‌వీఐ (బురద అడుగుకు చేరే తీరు చెప్పే సూచిక, ఎక్కువైతే చేరడం కష్టం) 150 దాటితే, పీక్ గంటల్లో బురద పొంగి వీర్ (నీరు పొర్లి బయటకు పోయే అంచు) దాటుతుంది. నాకు ఈ దారి ప్రమాదకరంగానే ఉంది.

మరో దారి ఏరేషన్ ట్యాంకులో ప్లాస్టిక్ మీడియా (బ్యాక్టీరియా అంటుకుని పెరిగే చిన్న ముక్కలు) వేయడం. అప్పుడు క్లారిఫయర్‌పై ఘనపదార్థాల భారం పెద్దగా పెరగదు. కానీ ముందు సన్నని స్క్రీన్లు, ఎక్కువ గాలి కావాలి. నిర్గమ జాలీల దగ్గర మీడియా గుమిగూడితే ట్యాంకు మట్టం పెరుగుతుంది.

ఇలా మార్చినవారు దయచేసి చెప్పండి: మీడియా ఎంత శాతం నింపారు, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంత ఉంచారు? ఒక ట్యాంకు ఖాళీ చేసినన్నాళ్లు రెండోదాని మీద భారం ఎలా మోశారు? లేక పక్కన 5 ఎంఎల్‌డీ ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో విడతలవారీగా శుద్ధి చేసే కేంద్రం) కట్టడమే మేలా?