హైస్కూలు పిల్లల సమాజ సేవకు మార్కులు వేయాలా?

పల్లె_బడి:
నా ప్రతిపాదన సూటిగా చెబుతున్నా. 9వ తరగతికి ఏడాదికి 30 గంటల సమాజ సేవ తప్పనిసరి చేయాలి. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో బడిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం) 20 మార్కుల్లో ప్రాజెక్టు పనికి ఉన్న 5 మార్కులు దానికే ఇవ్వాలి. మార్కు లేని పనికి టైంటేబుల్లో చోటుండదు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫారసు చేసిన ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని) ఏమైంది? చాలా బళ్లలో ఆ పీరియడ్లు సిలబస్ పూర్తి చేయడానికే పోయాయి. సీబీఎస్ఈ 9 నుంచి 12 తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యలో భాగంగా ‘సేవా’ కార్యక్రమం పెట్టింది. అమెరికాలోని మేరీల్యాండ్‌లోనైతే 75 గంటలు చేయకుండా హైస్కూలు డిప్లొమా రాదు. మన దగ్గర ఎందుకు కుదరదు?

సుద్దముక్క:
గంటలు పెట్టారంటే సంతకాల బేరం మొదలైనట్టే. చీపురు పట్టుకుని ఫొటో, మొక్క పక్కన ఫొటో, ‘పది గంటలు చేశాడు’ అని ఎవరో ఒకరి స్టాంపు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రాజెక్టులు ప్రింటు తీయించుకుని తేవడం చూస్తూనే ఉన్నాం, సేవ కూడా అదే దారి పడుతుంది. 1969 నుంచి ఉన్న జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు. అక్కడ చేరాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం. పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి బలవంతంగా పంపి దానికి సేవ అని పేరు పెట్టడం నాకు రుచించదు.

పోటోమాక్_తీరం:
మేరీల్యాండ్ ప్రస్తావన సగమే వచ్చింది. ఆ నిబంధన 1992లో చేశారు, 1997లో బయటికి వచ్చిన బ్యాచ్‌తో అమల్లోకి వచ్చింది. ఆ 75లో చీపురు పట్టిన సమయం ఒక్కటే లెక్కించరు. ముందు సమస్యను చదవడం, తర్వాత పని, చివర ఏం నేర్చుకున్నామో రాయడం, మూడూ ఉండాలి. చాలా కౌంటీల్లో (అక్కడి జిల్లాలు) కొన్ని గంటలు తరగతి పాఠాల్లోనే కలిసి ఉంటాయి. జీతం తీసుకున్న పని చెల్లదు. అయినా గంటలు నింపుకోవడమే పనిగా పెట్టుకునే పిల్లలు అక్కడా లేకపోలేదు. కాబట్టి సుద్దముక్క గారి భయం ఉత్తది కాదు.

నీళ్ల_లెక్క:
ఏ పనో చెప్పకుండా సేవ గురించి వాదిస్తే తేలదు. కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ (క్రిములను చంపాక నీటిలో ఇంకా మిగిలి ఉండేది) పరీక్ష తీసుకోండి. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

నలుగురు పిల్లలకో జట్టు. ట్యాంకు దగ్గరి కుళాయి, ఊరి మధ్యలో ఒకటి, పైపు చివరి ఇల్లు, బడి కుళాయి. వారానికి రెండు రోజులు, ఆరు వారాలు. మొత్తం 48 రీడింగులు. నీళ్లు రెండు నిమిషాలు పారనిచ్చి, అదే నీటితో కిట్టులోని పరీక్ష గొట్టం కడిగి, గీత దాకా పట్టాలి. కిట్టు మీద రాసినంత మందు వేసి, వెలుతురులో తెల్ల కాగితం ఆనించి రంగు పోల్చాలి. మందు ఆర్థోటోలిడిన్ అయితే పసుపు, డీపీడీ అయితే గులాబీ. పిల్లల చేతికి డీపీడీయే ఇవ్వండి, ఆర్థోటోలిడిన్ విషపు మందు.

ఇక తప్పులు. సీసాలో పట్టి తెచ్చి మధ్యాహ్నం బడిలో చూస్తే ఈలోపు క్లోరిన్ పోతుంది, సున్నా వస్తుంది. అది ఊరి మీద నింద వేసినట్టే. ఇంటి సంపుకు కలిపిన కుళాయి పడితే తెలిసేది నిల్వ నీటి సంగతి, పైపుది కాదు. రంగు చూడటం ఆలస్యమైతే అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగునిచ్చి అంకె పెంచుతుంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగు మెరిసి మాయమవుతుంది, దాన్ని సున్నా అనుకుంటారు. కాలం చెల్లిన మందు సంగతి చెప్పక్కర్లేదు.

తరగతిలో లెక్క కూడా వస్తుంది. 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరైతే సుమారు 360 గ్రాములు. సంచి మూతి విప్పి వదిలేయగా 20 శాతానికి దిగితే 600 గ్రాములు. చివరి ఇంటికి క్లోరిన్ ఎందుకు చేరడం లేదో వెతికేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. లెక్క పిల్లలు కట్టాలి. పౌడరు ముట్టుకోకూడదు, ట్యాంకు ఎక్కకూడదు.

రోజుకు ముప్పావు గంట చొప్పున పన్నెండు రోజులకు తొమ్మిది గంటలు, పైన నాలుగైదు పీరియడ్లు. 30 గంటలు ఎక్కణ్ణుంచి తెస్తారు? మిగతా గంటల కోసమే దొంగ సంతకాలు పుడతాయి.

సుద్దముక్క:
ఇలాంటి పనికి నాకు అడ్డులేదు. అయితే చివరి కుళాయిలో సున్నా అని పిల్లలు గ్రామసభలో చదివితే మాట పడేది వాటర్‌మ్యాన్, ఫోన్ వచ్చేది హెడ్మాస్టరుకి. ఆ పూట బడిని ఎవరు కాస్తారు?

నీళ్ల_లెక్క:
గ్రామసభ చివరి మెట్టండి. సున్నా వస్తే అదే రోజు, అదే కుళాయి దగ్గర, వాటర్‌మ్యాన్ గారి ఎదుటే మళ్లీ పరీక్షించాలి. ఆయన చేతికే గొట్టం ఇవ్వండి, సగం గొడవ అక్కడే ఆగుతుంది. తర్వాత పంచాయతీ కార్యదర్శికి ఉత్తరం, ఒక ప్రతి ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు. అందులో తేదీ, చోటు, రీడింగు తప్ప విశేషణాలు వద్దు. తెలుగు పాఠంలో లేఖారచన ఎలాగూ ఉంది. జవాబు వచ్చినా రాకున్నా రిజిస్టరులో రాయాలి. రెండు వారాలు కదలిక లేకపోతే తాగునీటి శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) పంపాలి. అది ప్రధానోపాధ్యాయుల సంతకంతో వెళ్లాలి, పిల్లల పేర్లతో కాదు.

పల్లె_బడి:
30 గంటలు వదులుకుంటున్నా, మార్కులు వదలను. 5 ఇలా పంచవచ్చు: ఖాళీలు లేని రిజిస్టరుకు 2, గ్రాఫు, సగటులకు 1, ఉత్తరానికి 1, రీడింగు తీసి చూపించి ‘ఇది ఎందుకు తప్పు కావచ్చు’ అన్న ప్రశ్నకు జవాబిస్తే 1. సున్నా వచ్చినా, 0.5 వచ్చినా మార్కు మారకూడదు. లేదంటే పిల్లలు అంకెలు దిద్దుతారు.

సుద్దముక్క:
ఆ చివరి షరతు రాతపూర్వకంగా ఉంటే ఒప్పుకుంటా. 9కి మాత్రమే, పదో తరగతి జోలికి రావద్దు. మరి పొరుగూరి నుంచి బస్సులో వచ్చే పిల్లలో? పొద్దున కుళాయి వదిలే వేళకు వాళ్లు ఇంకా దారిలోనే ఉంటారు.

నీళ్ల_లెక్క:
వాళ్లకు బడి కుళాయి అప్పగించండి. నీళ్లు వదిలాక మొదటి పీరియడ్‌కు ఒకటి, మధ్యాహ్న భోజనం వేళకు ఒకటి రీడింగు తీస్తే, నిల్వలో క్లోరిన్ ఎంత తగ్గిందో వాళ్ల గ్రాఫులోనే కనిపిస్తుంది.