‘దావత్-ఎ-ఇష్క్’: గుల్లూ బెదిరింపు కట్నం బాధితులకు చేటు చేసిందా?

వేకువ:
హబీబ్ ఫైసల్ తీసిన ఈ హిందీ సినిమా 2014 సెప్టెంబరులో విడుదలైంది. హైదరాబాదులో చెప్పుల దుకాణంలో పనిచేసే గుల్లూ (పరిణీతి చోప్రా), కోర్టు గుమాస్తా అయిన ఆమె తండ్రి (అనుపమ్ ఖేర్) కట్నాల బేరాలతో విసిగిపోతారు. మారుపేర్లతో లక్నో వెళ్లి, అక్కడ ఒక పెళ్లికొడుకు తల్లిదండ్రులు కట్నం అడగడాన్ని రహస్యంగా చిత్రీకరించి, 498ఎ (భార్యను భర్త, అత్తింటివారు హింసిస్తే శిక్షించే అప్పటి శిక్షాస్మృతి సెక్షన్) కేసు పేరుతో డబ్బు గుంజాలని పథకం వేస్తారు. ఆ జూలైలోనే అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 498ఎ కింద యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని చెప్పింది. ‘ఆడవాళ్లు పెట్టేవన్నీ దొంగకేసులే’ అనే మాట ఊపందుకున్న రోజులవి. అలాంటప్పుడు నాయిక చేత ఈ పని చేయిస్తారా? జాతీయ నేర గణాంకాల్లో ఆ ఒక్క సంవత్సరమే 8,455 వరకట్న మరణాలు నమోదయ్యాయి. నాకు మనసు ఒప్పలేదు.

నల్లకుంట పాఠకుడు:
వేకువ గారూ, దొంగకేసు అని ఎలా అంటాం? లక్నో వాళ్లు కట్నం అడిగిన మాట నిజం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం అడగడమే నేరం. పెళ్లి జరగనక్కర్లేదు, పైసా చేతులు మారనక్కర్లేదు. కెమెరాకు చిక్కింది అసలైన నేరమే. ఆమె తప్పు ఆ సాక్ష్యాన్ని పోలీసులకు ఇవ్వకుండా బేరానికి పెట్టడం.

మొగలిరేకు:
హైదరాబాదు ముస్లిం ఇళ్లలో కట్నం సొమ్మును ‘జోడే కీ రఖం’ అంటారు. నికాలో వరుడే వధువుకు మహర్ (పెళ్లి సందర్భంగా ఆమెకు దక్కాల్సిన సొమ్ము) ఇవ్వాలి. జరిగేది మాత్రం తలకిందులు. మా ఇళ్లలో అయితే అడిగే తీరే వేరు: “మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే కదా. పెద్దల్లుడికి మాత్రం కారు పెట్టారట.” ఈ మాట రాసుకుని ఏ స్టేషనుకు వెళ్లాలి? ఆ రహస్య కెమెరా నాకు అందుకే నచ్చింది.

వేకువ:
చట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ హాలు నుంచి బయటికొచ్చినవాడికి గుర్తుండేది నాలుగో సెక్షన్ కాదు, అమ్మాయి మగవాళ్లను బెదిరించిందన్నదే. పైగా లక్నో పెళ్లికొడుకు తారూ (ఆదిత్య రాయ్ కపూర్) కట్నంలో సగం డబ్బు తానే చాటుగా ఆమెకు ఇస్తాడు. దాన్ని ప్రేమగా చూపించారు. ప్రేముంటే “నాకు కట్నం వద్దు” అని నాన్న ముఖం మీదే చెప్పాలి కదా!

నల్లకుంట పాఠకుడు:
తారూ విషయంలో మీతోనే ఉన్నాను. ఆ సగం డబ్బుతో తల్లిదండ్రుల పరువు దక్కింది, ఆచారమూ దక్కింది. ఇక దొంగకేసుల మాట. కట్నం నగదుగా ఇస్తారు, రసీదు ఉండదు, సాక్షులు చుట్టాలే, వాళ్లూ ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగలేక రాజీ పడతారు. కేసు వీగిపోతుంది. వీగిపోయిన ప్రతి కేసునూ అబద్ధం ఖాతాలో వేయడం అన్యాయం.

మొగలిరేకు:
ఇంకొకటి. ఇవ్వడం కూడా నేరమే కాబట్టి నోరు విప్పితే తామే ఇరుక్కుంటామని చాలామంది తండ్రులు భయపడతారు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా ఈ చట్టం కింద వారిని విచారించకూడదని ఏడో సెక్షన్‌లోనే ఉంది. గుల్లూ తండ్రి కోర్టులో పనిచేసేవాడు. కూతురి పక్కన కూర్చుని ఆ ఫిర్యాదు రాసి ఉంటే నేను చూడాలనుకున్న సినిమా అదే.