భార్యాభర్తలం కలిసి జీడిపప్పు బ్రాండు పెడుతున్నాం, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు: పేరు, డబ్బు, వేళలు ఎలా?

కాశీబుగ్గ_కోడలు:

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ. పలాస ఫ్యాక్టరీల దగ్గర పప్పు కొని, గ్రేడ్ చేసి, పావుకిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి సొంత పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మాలని మా ఆయనా నేనూ అనుకుంటున్నాం. కాయ కాల్చడం, కొట్టడం మా పని కాదు, పప్పు వరకే. పాపకి నాలుగేళ్లు, బాబుకి ఏడాదిన్నర. మా అత్తగారు పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పిల్లల్ని చూస్తారు. ఆ తర్వాత ఆవిడ వల్ల కాదు, మోకాళ్ల నొప్పులు. మా ఆయనకి ప్రైవేటు ఉద్యోగం ఉంది.

సంస్థ ఎవరి పేరు మీద పెట్టాలి? ఆయన ఉద్యోగం ఇప్పుడే మానేస్తే మంచిదా? ఇంటి ముందు గదిలోనే ప్యాకింగ్ పెట్టుకోవచ్చా? ఇద్దరం పనిలో పడితే పిల్లల సంగతేటి? ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, లెక్క చెప్పేవాళ్లు కావాలి.

విజయనగరం_పద్దులు:

అమ్మా, ఉద్యోగం సంగతి ముందు చెప్తాను. మొదటి ఏడాది ఆయన జీతం కదపకండి. ఈ వ్యాపారంలో డబ్బంతా సరుకులో కూర్చుంటుంది. ఫ్యాక్టరీ దగ్గర నగదు కట్టి కొంటారు, దుకాణాలేమో నెల అరువు అడుగుతాయి. లాభం కాగితం మీద కనిపిస్తుంటుంది, చేతిలో పాల డబ్బులు ఉండవు. పిల్లలున్న ఇంట్లో ఆ ఇబ్బంది మొదటి రెండు మూడు నెలల్లోనే తగులుతుంది. ఆయన ఉద్యోగ ఒప్పందంలో వేరే వ్యాపారం చెయ్యకూడదన్న షరతు ఉందేమో కూడా ఒకసారి చదువుకోండి.

అందుకని సంస్థ మీ ఒక్కరి పేరు మీద, ప్రొప్రైటర్‌షిప్‌గా మొదలుపెట్టండి. భాగస్వామ్యం పెడితే సంస్థ అప్పుకి భార్యాభర్తలిద్దరూ సొంత ఆస్తితో సహా పూర్తిగా బాధ్యులు. ఒక్కరి పేరు మీద ఉంటే రెండోవారు హామీ సంతకం పెట్టనంత వరకు వాళ్ల జీతం, వాళ్ల ఆస్తి బయటే ఉంటాయి. ఆయనకి మీ సంస్థ నుంచి జీతం రాసి పన్ను తగ్గించుకుందామని ఎవరైనా చెప్తే వినకండి. ఆ పనికి తగ్గ సాంకేతిక, వృత్తి అర్హత ఆయనకి లేకపోతే ఆ జీతాన్ని మీ ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు.

సబ్సిడీ రుణం అనుకుంటే పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం ఉంది. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు, కుటుంబం అంటే భార్యాభర్తలు. మహిళ పేరు మీద అయితే సబ్సిడీ గ్రామంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం, సొంత వాటా 5 శాతం. మీది మున్సిపాలిటీ కాబట్టి పట్టణం లెక్క. యూనిట్ పక్క పంచాయతీలో ఉంటే తేడా ఎంతో మీరే చూడండి. ఇది కొత్త యూనిట్లకే ఇస్తారు, కాబట్టి అమ్మకాలు మొదలవక ముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, పథకం ఇప్పుడు ఎలా నడుస్తోందో, మీ గ్రేడింగ్, ప్యాకింగ్ పని ఏ తరగతిలోకి వస్తుందో కనుక్కోండి.

జీఎస్టీ: సరుకు అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో 40 లక్షల టర్నోవర్ దాకా అక్కర్లేదని వినే ఉంటారు. అది రాష్ట్రం లోపల అమ్మకాలకే. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బ్రహ్మపురకి ఒక్క ప్యాకెట్ పంపినా రిజిస్ట్రేషన్ కావాలి. రిటర్నులు నెలవారీ అయితే, అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11వ తేదీ లోపు, పన్ను కట్టే 3బీ 20వ తేదీ లోపు వెయ్యాలి, అమ్మకం లేని నెల కూడా. ఎక్కువమంది జరిమానా కట్టేది ఇక్కడే: పిల్లకి జ్వరం వచ్చిన వారంలో తేదీ దాటిపోతుంది. బిల్లులు వారం వారం అకౌంటెంట్‌కి పంపే పని ఇద్దరిలో ఒకరి మెడకి కట్టండి.

ఇంటి ఖాతా వేరు, సంస్థ కరెంట్ ఖాతా వేరు. క్యూఆర్‌కి వచ్చిన డబ్బులోంచి స్కూలు ఫీజు కట్టకండి. నెల మొదట్లో ఇంటికి ఒక మొత్తం తీసుకోండి, అంతే. చుట్టాలకి ఉత్తినే ఇచ్చే ప్యాకెట్లకి కూడా బిల్లు రాసి మీ వాడకం కింద చూపండి. లేకపోతే ఏడాది చివర సరుకు లెక్క తేలదు, తూకంలో పోయిందా ఇంట్లో పోయిందా అని మీ ఇద్దరి మధ్యే తగువు.

చాలామందికి తెలియనిది ఒకటి. ఆయన టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద మీ పేరు, పిల్లల పేర్లు లబ్ధిదారులుగా రాయిస్తే, ఆ డబ్బు మీకోసం ట్రస్టుగా ఉంటుంది, ఆయన అప్పులవాళ్లకి చెందదు. పాలసీ కొనేటప్పుడే రాయించాలి.

పలాస_గ్రేడింగ్:

చెల్లెమ్మా, ముందు గదిలో వద్దు. ఫుడ్ లైసెన్సు తనిఖీకి భయపడి చెప్పడం లేదు, మీ బాబు కోసం చెప్తున్నాను. ఏడాదిన్నర పిల్లాడు కింద కనిపించిన ప్రతిదీ నోట్లో పెడతాడు. నాలుగైదేళ్ల లోపు పిల్లలకి జీడిపప్పు గుండు గాని, బద్ద గాని గొంతులో అడ్డం పడగలదు, ఊపిరిగొట్టంలోకి పోగలదు. గ్రేడింగ్ బల్ల కింద పప్పు పడకుండా ఎవరూ చెయ్యలేరు. ఆడుకుంటున్న పిల్లాడు ఉన్నట్టుండి ఊపిరాడక దగ్గి, కాసేపటికి తగ్గినట్టు కనిపించినా, ఈల లాంటి శబ్దం వస్తుంటే ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పప్పు లోపలే ఉండిపోయి ఉండొచ్చు. ఊపిరి ఆగితే ముందుకు వంచి భుజాల మధ్య అరచేత్తో 5 దెబ్బలు, తగ్గకపోతే బొడ్డుకి పైన లోపలికి, పైకి 5 నొక్కులు, మళ్లీ దెబ్బలు. అడ్డం పడ్డది కంటికి కనిపించనప్పుడు నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. మీ అత్తగారికి కూడా ఇది చేసి చూపించండి. బాబుకి వేలు తగలకుండా గడియ పైన ఉండే వేరే గది చూసుకోండి.

ఇక సరుకు. డబ్ల్యూ320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు. డబ్ల్యూ240 అయితే 220 నుంచి 240. కొనేచోట డబ్బా అడుగు నుంచి కూడా తీసి 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి. 320 అన్నది 66 నుంచి 70 లోపు రావాలి, 240 అన్నది 49 నుంచి 53 లోపు. 320 ధర కట్టిన సరుకులో 75 వచ్చాయంటే చిన్న గ్రేడు కలిపారు. బద్దలు వేరే తూచండి. తేమ 5 శాతం దాటకూడదు. కొరికితే పటుక్కున విరగాలి, వంగితే తేమ పట్టినట్టే. వానాకాలంలో డబ్బా తెరిచి మధ్యలో పిల్లాడు ఏడ్చాడని వెళ్లిపోతే ఆ పప్పు మెత్తబడిపోతుంది. ఒక కూర్చునే వేళకి ఎంత కట్టగలరో అంతే తెరవండి.

లేబుల్ మీద ప్యాకర్ పేరు, చిరునామా, నికర బరువు, అన్ని పన్నులతో ఎంఆర్‌పీ, యూనిట్ ధర, ప్యాక్ చేసిన నెల, ఏడాది, ఎప్పటిదాకా వాడొచ్చో ఆ తేదీ, బ్యాచ్ నంబరు, ఫుడ్ లైసెన్సు 14 అంకెల నంబరు, శాకాహార గుర్తు, నట్స్ అలర్జీ హెచ్చరిక, ఫిర్యాదుల ఫోను ఉండాలి. ఆ ఫోను మీ సొంత నంబరు ఇవ్వకండి. రాత్రి పదకొండుకి పార్సెల్ ఎక్కడుందని ఫోను వస్తుంది, అప్పుడే పడుకున్న బాబు లేస్తాడు. వేరే సిమ్, వేరే చిన్న ఫోను, ఏడింటికి ఆపెయ్యండి.

రాజాం_అక్క:

పై ఇద్దరూ చెప్పింది ఒప్పుకుంటూ వేళల సంగతి రాస్తున్నాను, ఎందుకంటే జంటలు దెబ్బతినేది సరుకు దగ్గర కాదు, వేళల దగ్గర. ఇద్దరూ సగం సగం పని, సగం సగం పిల్లలు అనుకుంటే రెండూ సాగవు. ఏ గంటకి ఎవరు పిల్లలతో ఉన్నారో ఒక్క మనిషి పేరు చెప్పగలగాలి, ఆ గంటలో ఆ మనిషి ఫోను చూడకూడదు.

మీ అసలు పని వేళ తొమ్మిది నుంచి ఒంటిగంట. గ్రేడింగ్, తూకం, సీలింగ్ అన్నీ అందులోనే. మధ్యాహ్నం బాబు నిద్రపోయే సమయాన్ని పని గంటలుగా లెక్కెయ్యకండి. అందులో మధ్యలో వదిలేసినా పాడవని పని పెట్టుకోండి: కొనేవాళ్ల సందేశాలకి జవాబులు, బిల్లులు, కొరియర్ చీటీలు. సాయంత్రం ఆయన వచ్చాక స్నానం, భోజనం, పడుకోబెట్టడం ఆయనవి. ఆ రెండు గంటలు మీరు ఖాతాలు చూసుకోండి, లేదా ఊరికే కూర్చోండి. అలసిపోయిన మనిషి తూకం తప్పుతుంది.

మనిషిని పెట్టుకోగలిగితే ముందు ప్యాకింగ్‌కి పెట్టుకోండి, పిల్లల కోసం కాదు. ప్యాకింగ్ నాలుగు రోజుల్లో నేర్పొచ్చు, పూటపనికి మన దగ్గర అలవాటున్న ఆడవాళ్లు దొరుకుతారు. ఏడాదిన్నర పిల్లాడు కొత్త మనిషికి అలవాటు పడాలంటే వారాలు పడుతుంది. మీ అత్తగారి వేళ మాత్రం పెంచకండి, ఎంత ఆర్డర్లున్నా సరే. ఆవిడ మంచాన పడితే ఉన్న నాలుగు గంటలూ పోతాయి.

నిర్ణయాలు కూడా పంచుకోండి. ఏ సరుకు, ఏ ధరకి కొనాలన్నది మీదే ఆఖరి మాట. కొరియర్, వెబ్‌సైట్, డిస్కౌంట్లు ఆయనవి. రెండోవాళ్లు అడగొచ్చు, ఆరోజే మార్చెయ్యకూడదు. పిల్లల ముందు, అన్నం దగ్గర ఈ మాటలు వద్దు. ఆదివారం సాయంత్రం అరగంట చాలు: ఎంత సరుకుంది, ఎవరికి ఎంత ఇవ్వాలి, వచ్చే వారం పిల్లలకి ఏమున్నాయి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్ ఇంకా మీ బాబుకి పడకపోతే ఆ తేదీ అందులో రాసుకోండి. తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం మామూలే, ఆ రెండు రోజులు డిస్పాచ్ పెట్టుకోవద్దు.

ఏడాది లెక్క ఇంకా ముఖ్యం. కొత్త గింజలు వచ్చేది మార్చి నుంచి మే, బడికి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం. కొనుగోలు వేళకి పాప రోజంతా ఇంట్లోనే అన్నమాట. పాపని అమ్మమ్మ గారింటికి పంపేదుంటే ఇప్పుడే మాట్లాడుకోండి. అమ్మకాలు పెరిగేది దసరా నుంచి దీపావళి, మళ్లీ సెలవులు, పైగా తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటింది మీ పలాస వైపే, కరెంటు రోజుల తరబడి లేదు. సరుకు నేల మీద కాకుండా చెక్క పలకల మీద ఉంచండి, చిన్న సీలింగ్ మిషన్ మీ ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో ముందే చూసుకోండి, పండక్కి వారం ముందే ఆర్డర్లు ఆపుతామని రాసిపెట్టండి.

ఇచ్ఛాపురం_ఎల్ఎల్‌పీ:

పద్దులు గారూ, ఒక్క మాట. రేపు కేంద్రం దగ్గర స్టార్టప్ గుర్తింపు కావాలంటే ప్రొప్రైటర్‌షిప్‌కి ఇవ్వరు. రిజిస్టరయిన భాగస్వామ్యం, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), ప్రైవేట్ లిమిటెడ్ లాంటివాటికే. ఎల్ఎల్‌పీలో సొంత ఆస్తికి రక్షణ కూడా ఉంది కదా.

విజయనగరం_పద్దులు:

నిజమే తమ్ముడూ. కానీ ఎల్ఎల్‌పీ పెడితే అమ్మకం ఉన్నా లేకపోయినా ఏటా మే 30కి వార్షిక రిటర్ను ఫారం 11, అక్టోబరు 30కి ఖాతాల ఫారం 8 వెయ్యాలి. బ్యాంకులు ఎలాగూ ఇద్దరి హామీ సంతకాలూ అడుగుతాయి, అప్పుడా రక్షణ చాలావరకు పోయినట్టే. బయటివాళ్ల పెట్టుబడి వచ్చే దారి కనిపించాక మారొచ్చు. మారితే పాన్ మారుతుంది, జీఎస్టీ, ఫుడ్ లైసెన్సు కొత్తవి తీసుకోవాలి. అందుకే అమ్మా, మొదటి ఏడాది నంబర్లన్నీ వేయించి వేల పౌచ్‌లు ప్రింట్ చేయించకండి. ఖాళీ పౌచ్ మీద స్టిక్కర్ చాలు.

కాశీబుగ్గ_కోడలు:

చాలా సాయం చేశారు. మా వీధిలోనే పదడుగులకి పదడుగుల గది అద్దెకుంది, సరిపోతుందా? బ్రాండు పేరు రిజిస్టర్ చెయ్యాలంటే ఎవరి పేరు మీద?

పలాస_గ్రేడింగ్:

ఒక బల్ల, ఒక తూకం, సీలింగ్ మిషన్, సరుకుకి ఒక గోడ, మీరూ ఇంకొక మనిషీ: సరిపోతుంది. కిటికీకి ఈగలు దూరని సన్నని మెష్, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించండి. అద్దె ఒప్పందం మీ పేరు మీద రాయించుకోండి, జీఎస్టీకీ ఫుడ్ లైసెన్సుకీ అదే చిరునామా రుజువు. ట్రేడ్‌మార్క్ కూడా మీ పేరు మీదే, 29వ క్లాసు (సరుకు తరగతి) కింద, ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకి ఫీజు 4,500 రూపాయలు. స్టిక్కర్లు కొట్టించక ముందే ఆ పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ సైట్‌లో వెతకండి.