మళ్లీ, తిరిగి, వాపసు - ఏది ఎక్కడ వాడాల?

తిరుచానూరోడు:
అందరికీ నమస్తే. నా ఫ్రెండు ఒకడికి పోయిన నెల 5 వేలు చేబదులు ఇచ్చినా, నిన్న వాట్సాప్‌లో 'డబ్బులు మళ్లీ ఎప్పుడిస్తావురా' అని పెడితే వాడు 'మళ్లీనా? ముందు ఒకసారి ఎప్పుడిచ్చినానురా' అని పళ్లికిలించే బొమ్మలు పెట్టినాడు. వాడు నెల్లూరోడు లెండి. మా అవ్వ అయితే 'పక్కింటోళ్ల చెంబు మళ్లీ ఇచ్చేసిరాపో' అంటాది, అంటే వెనక్కి ఇయ్యమనే కదా? తప్పు నాదా వాడిదా?

పీలేరు అయ్యోరు:
మీ అవ్వ తప్పేం మాట్లాడలేదు నాయనా. మళ్లు అనే క్రియ నుంచి వచ్చిందే మళ్లీ, మళ్లడం అంటే తిరగడం. పొద్దు మళ్లింది, వయసు మళ్లింది, గొడ్లు ఇంటికి మళ్లే యాళయింది అంటాం, కాలవ నీళ్లు మడిలోకి మళ్లిస్తాం, అన్నీ అదే మాట. మరల కూడా మరలు నుంచి వచ్చిందే, తిరిగి అనేదయితే తిరుగులోనే ఉంది. అంటే ఒక పని రెండోసారి జరిగిందని చెప్పడానికి మనోళ్లు వెనక్కి తిరగడాన్నే వాడుకున్నారు, పక్కనే అరవంలో 'తిరుంబ' కూడా ఇట్లాంటిదే. కాకపోతే ఇప్పుడు మళ్లీలో ఆ తిరగడం అరిగిపోయి రెండోసారి అనేదే మిగిలింది. తిరిగిలో రెండూ బతికే ఉండాయి: 'అప్పు తిరిగిచ్చినాడు' అంటే తీసుకున్నది ఇచ్చేసినాడు, 'తిరిగి మొదలుపెట్టినాడు' అంటే ఇంకోసారి. కాబట్టి డబ్బుల కాడ తిరిగి అను, లేకపోతే వెనక్కి అను.

చిత్తూరు ఆడబిడ్డ:
సార్ చెప్పింది కరెక్టే. జొరం తిరగబెట్టింది అంటాం గానీ మళ్లబెట్టింది అని ఎవురూ అనరు కదా. వాపసు మాత్రం పారసీ నుంచి హిందీ మీదుగా వచ్చిన మాట, డిపాజిట్ వాపసు, నామినేషన్ వాపసు, అంగట్లో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు', ఇట్లా కాగితాల మీద, బోర్డుల మీదే ఎక్కువ. మనుషులు 'వాపస్ వచ్చిండు' అనేది తెలంగాణోళ్ల నోట విన్నా, మా పక్క యనక్కొచ్చినాడు అంటాం. ఇంకోటి, మా ఇంట్లో గడప దాటేటప్పుడు 'పోతా' అంటే మా అమ్మ తిడతాది, 'పోయొస్తా' అనాల్సిందే, రెండు గంటల్లో వచ్చేదానికి కూడా.

బస్టాండు బుజ్జి:
అన్నా అట్లయితే తిరుపతి కూడా తిరుగు నుంచే వచ్చిందా? ఒకసారి వచ్చినోళ్లు తిరిగి తిరిగి వస్తానే ఉంటారు కదా 😄

పీలేరు అయ్యోరు:
బాగుంది గానీ కాదబ్బా. ఆ తిరు వేరే, అరవంలో శ్రీ లాంటిది. తిరుమలలో ఉండేది కూడా అదే, మల అంటే కొండ.

తిరుచానూరోడు:
థాంక్స్ సార్, థాంక్స్ అక్కా. 'డబ్బులు తిరిగి ఇయ్యిరా' అని మార్చి పెట్టినా. బ్లూ టిక్కులు పడి మూడు గంటలయింది.