అప్‌డేట్: తాతగారి రైఫిల్‌కు టెలిస్కోప్ బిగించడం లేదు

తాతగారి .315 రైఫిల్ బారెల్ కత్తిరించాలా, రంధ్రాలు వేసి గురి చూసే టెలిస్కోప్ బిగించాలా అని ఇంతకుముందు అడిగాను కదా. బారెల్ సంగతి తేలికగానే తేలింది: 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం దానికి వేరే లైసెన్సు కావాలి. ఆ తలనొప్పి నాకెందుకు?

టెలిస్కోప్ దగ్గరే ఊగిసలాడాను. చెన్నైలో లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారు బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) వెనక్కి లాగి చూపించారు. పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ తరహా అమరిక. తూటాలు పైనుంచి నింపాలి. సరిగ్గా అక్కడే టెలిస్కోప్ కూర్చుంటే వేళ్లకు అడ్డం. పైగా ఉక్కుకు ఒకసారి రంధ్రం పడితే పడినట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా దీనితో వేటకు వెళ్లేదీ లేదు.

అందుకే రైఫిల్ మడమ (భుజానికి ఆనే కొస) దగ్గర చీలిన చెక్కను మాత్రం అతికించి, అవిసె నూనె పట్టించమన్నాను. తాతగారి చెయ్యి ఆని నునుపెక్కిన చోట గీకవద్దని గట్టిగా చెప్పాను. అమ్మ మాత్రం అసలు అమ్మేయమంటోంది. ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది.